వానకాలపు నదిలో ఎండాకాలపు పడవ

కిందటి నెల హైదరాబాదు నుంచి ఒక రచయిత మా ఇల్లు వెతుక్కుంటూ మహారాష్ట్ర అంచున ఉన్న సిరొంచ వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయేమో. నవల రాశాడు, కథంతా మా వైపే జరుగుతుంది, నా చేత ముందుమాట రాయించుకోవాలని అతని కోరిక. అచ్చుకు సిద్ధమైన ప్రతి బల్ల మీద పెట్టి, సాయంత్రం వస్తానని నది చూడ్డానికి వెళ్లాడు. మధ్యాహ్నమంతా చదివాను. మంచి వాక్యం రాస్తాడు. నలభై పేజీల దాకా కుర్చీలోంచి లేవలేదు. ఆ తర్వాతి పేజీలో అతని కథానాయకుడు నడివేసవిలో, తరుముతున్నవాళ్లకు దొరక్కుండా పరుగెత్తి, అల్లపల్లి దగ్గర టేకు అడవి దట్టమైన నీడలో దాక్కుని నిద్రపోయాడు. అక్కడ ఆగిపోయాను. నడివేసవిలో టేకు చెట్టుకు ఆకెక్కడుంటుంది? విస్తరంత ఆకులన్నీ కిందే ఉంటాయి, అడుగు వేస్తే అప్పడాల్లా విరుగుతాయి, ఆ చప్పుడు ఫర్లాంగు దూరం వినిపిస్తుంది. దాక్కోవాలనుకున్నవాడు ఆ కాలంలో ఆ అడవిలోకి పోడు. మిగతా పేజీలు కూడా చదివాను, కాని అంతదాకా ఆ మనిషి పక్కన రొప్పుతూ పరుగెత్తిన నాకు, ఆ తర్వాత ఎక్కడో బల్ల ముందు కూర్చుని రాసుకుంటున్న ఒక యువకుడే కనిపించాడు.

సాయంత్రం ఆ మాటే చెప్పాను. అతని ముఖం మాడిపోయింది. "ఫోనులో మ్యాపు చూసే రాశాను సార్, అంతా పచ్చగానే కనిపించింది" అన్నాడు. "అయినా ఒక్క చెట్టు నీడ గురించి ఎవరికి తెలుస్తుంది సార్? చదివేవాళ్లు కథ చూస్తారు గాని" అని, ప్రతి తీసుకుని వెళ్లిపోయాడు. ముందుమాట వేరే ఎవరో రాశారని తర్వాత విన్నాను. నాకు అతని మీద కోపం రాలేదు. పంతొమ్మిదేళ్ల వయసులో నేనూ అదే ప్రశ్న అడిగినవాణ్ణి. దానికి జవాబు నాకు మా ప్రాణహిత నది నడుమ దొరికింది.

మాది కిరాణా దుకాణం. ముందు గదిలో దుకాణం, వెనక ఇల్లు, ఇంకా వెనక పొడవాటి వసారా. ఎండుమిర్చి, చింతపండు, అడవి పల్లెల నుంచి వచ్చే ఇప్పపూవు, కిరోసిన్ డబ్బా, తడిసిన గోనె సంచులు, వీటన్నిటి వాసన కలిసి మా బట్టలకే కాదు, మా పుస్తకాలకూ పట్టేది. బడిలో మేము చదివింది మరాఠీ. తెలుగు అక్షరాలు మా అమ్మ వంటింటి గచ్చు మీద బియ్యప్పిండి పోసి వేలితో దిద్దించింది. అమ్మ పుట్టిల్లు నది అవతల చెన్నూరు. అక్కణ్నుంచే పడవ మీద మా ఇంటికి తెలుగు వారపత్రిక వచ్చేది, వారం ఆలస్యంగా, అంచులు తడిసి. మధ్యాహ్నం దుకాణం తలుపులు దగ్గరగా వేశాక వసారాలో దాన్ని పైకి చదవడం నా పని. వినేది మా బాపమ్మ, అంటే నాన్నకు తల్లి. ఆమెకు అక్షరం రాదు. స్తంభానికి ఆనుకుని కాళ్లు చాపుకుని, నోట్లో ఆకు వక్క వేసుకుని కూర్చునేది. కథ పట్టు మీదికి వస్తే ఆమె నమలడం ఆగిపోయేది. నోరు అట్లాగే సగం తెరిచి, నా వైపు కాకుండా గోడ వైపు చూసేది, అక్కడేదో జరుగుతున్నట్టు.

ఆమెతో కష్టం ఏమిటంటే, కథలో ఒక్క తప్పు దొర్లినా ఇక వినేది కాదు. ఒక సీరియల్లో నాయిక కొడుకును కని, వారం తిరక్కుండానే బిందె తీసుకుని బావికి వెళ్లింది. బాపమ్మ దవడ మళ్లీ ఆడటం మొదలైంది. "ఆగు. పచ్చి బాలింత బాయికాడికి పోయిందా? ఇంట్ల అత్త లేదా, ఆడిబిడ్డ లేదా?" అని అడిగింది. "కథ బాపమ్మా, ఏదో రాసిండు" అన్నాను. "గది తెల్వనోనికి ఆమె ఏడుపేం తెలుస్తది? ఇగ బంద్ చెయ్యి" అని లేచి ఆకు ఉమ్మడానికి వెళ్లిపోయింది. ఆ సీరియల్ ఇంకా ఇరవై వారాలు నడిచింది. ఆ ఇరవై వారాలూ నేను ఒక్కణ్నే చదువుకున్నాను. ఎండాకాలంలో రాలే ఇప్పపూవును ఆషాఢంలో ఏరించిన ఇంకో కథకూ అదే గతి పట్టింది. నాకు ఒళ్లు మండేది. ఇంత మంచి కథను ఒక పూవు కోసం వదిలేస్తారా అని అమ్మతో పోట్లాడేవాణ్ణి.

ఆ వసారాలో బాపమ్మతో పాటు లచ్చక్క కూడా వినేది. పడవ నడిపే దుర్గయ్య భార్య. మా దుకాణానికి పప్పులు చెరిగి, రాళ్లు ఏరిపెట్టడానికి వచ్చేది. చేట ఆడిస్తూనే వినేది. ఏడుపు ఘట్టం వస్తే చేట ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. దుర్గయ్య బక్క మనిషి, ఎప్పుడు చూసినా తడి పంచె, తక్కువ మాట. వేసవి సెలవుల్లో మేము చెన్నూరు వెళ్లేది అతని పడవలోనే. వెనక అతను, ముందు అతని తమ్ముడు పోశం.

నేను చంద్రపూర్‌లో కాలేజీలో చేరిన మొదటి ఏడు, శ్రావణమాసంలో, వరదలో ఆ పడవ బోల్తాపడింది. దుర్గయ్యతో పాటు ఇద్దరు పోయారు. పోశమూ, ఇంకో ఇద్దరూ పడవను పట్టుకుని దిగువన ఎక్కడో ఒడ్డుకు చేరారు. నాకు ఉత్తరంలో తెలిసింది. నేను ఇంటికి వచ్చేసరికి ఊళ్లో మాట వేరే రకంగా నడుస్తోంది. దుర్గయ్య తాగి పడవ వేశాడని, వరదను లెక్కచేయలేదని. ఆ మాట గట్టిగా అన్నది పక్క పల్లె రేగుంట నుంచి వచ్చే సమ్మయ్య. పోయినవాళ్లలో ఒకడు అతని తమ్ముడు. పోశం బజారులోకి వస్తే జనం మాటలాపేవారు. లచ్చక్క మా వసారాకు వస్తూనే ఉంది, కాని కథ మొదలుపెడితే చేట పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయేది.

ఆ చలికాలం చంద్రపూర్‌లో, ఒక గదిలో ముగ్గురం ఉండే హాస్టల్లో, నేను దుర్గయ్య మీద కథ రాశాను. పేరు మార్చాను గాని మనిషి అతనే. చుక్క ముట్టనివాడిగా, తన ప్రాణం ఇచ్చి జనాన్ని కాపాడినవాడిగా రాశాను. ఊరి నోరు మూయించాలనే రాశాను. ఒకసారి కన్నీళ్లు కూడా పెట్టుకున్నాను రాస్తూ. వారపత్రికకు పంపితే, ఎన్నో నెలల తర్వాత, సరిగ్గా మళ్లీ వానలు దిగిన ఆషాఢంలో అచ్చయింది. నేను ఆ రోజుల్లో ఇంట్లోనే ఉన్నాను. పత్రిక చూసి నాన్న దుకాణంలో నలుగురికి చూపించాడు. బాపమ్మ మాత్రం, "లచ్చిని పిలువుండ్రి. ఆమె మొగని కథ ఆమె వినాలె" అంది.

లచ్చక్క వచ్చి గోడవారన కూర్చుంది. ఈసారి చేట తీసుకోలేదు. బయట వాన పడుతోంది. నేను మొదలుపెట్టాను. మొదట్లో నా గొంతు నాకే వినిపించింది. రెండో పేజీకి సర్దుకుంది. పొద్దున్నే అతను గంజి తాగి పంచె బిగించుకునే చోట లచ్చక్క చిన్నగా నవ్వింది. భార్య "వాన గట్టిగుంది, ఇయ్యాల పోకు" అనే చోట, "అన్న, గదే అన్న" అంది గోడతో. బాపమ్మ నమలడం ఎప్పుడో ఆగిపోయింది. నేను చదువుతున్నానన్న సంగతి వాళ్లిద్దరూ మరిచిపోయారని నాకు తెలిసింది. రాసేవాడికి అంతకంటే ఏం కావాలి? తర్వాత పేజీ తిప్పి చదివాను: "తాడు విప్పి, పడవ ముక్కును నేరుగా అవతలి గట్టుకు తిప్పి, వరదలోకి దూకించాడు."

"ఎవలు?" అంది లచ్చక్క.

నేను తలెత్తాను. ఆమె గోడ వైపు చూడటం లేదు, నా వైపు చూస్తోంది.

"ఆయనే, లచ్చక్కా."

"సీదా పెట్టిండా? వరదల?"

నాకు అర్థం కాలేదు. బాపమ్మ దవడ నెమ్మదిగా కదిలింది. లచ్చక్క లేచి నిలబడింది. "మా ఆయన గట్ల పెట్టడు. ఇరవై ఏండ్లు పడవ నడిపిన మనిషి. వరదల సీదా పెట్టేటోడు పిచ్చోడన్న కావాలె, తాగినోడన్న కావాలె." గొంతు పెద్దది చేయలేదు. "నువ్వు గూడ గదే రాసినవా, బిడ్డా?" అని వానలోకి వెళ్లిపోయింది. నేను బాపమ్మ వైపు తిరిగి, "ఒక్క వాక్యం! ఎవరికి తెలుస్తది?" అని అరిచినంత పని చేశాను. ఆమె లేచి ఉమ్మడానికి వెళ్లింది.

ఎవరికి తెలుస్తుందో రెండు రోజుల్లో తెలిసింది. సమ్మయ్య పత్రిక చదివించుకున్నాడు. "సూడుండ్రి, శేఠు కొడుకే రాసిండు, సీదా ఏసిండని. ఇంక ఏం సాక్ష్యం కావాలె?" అని టీ కొట్టు దగ్గర అన్నాడట. కాపాడాలని రాసిన కథే దుర్గయ్య మీద సాక్ష్యమైంది. నేను ఇంట్లోంచి బయటికి రావడం మానేశాను. చివరికి అమ్మ, "నాలుగు దినాలు చెన్నూరు మామ దగ్గరికి పోయిరా. వరద జర తగ్గింది, పడవలు నడుస్తున్నయంట" అని సంచి సర్దింది.

రేవులో పడవ పోశందే. అప్పటికే ఆరుగురు ఎక్కడానికి సిద్ధంగా ఉన్నారు. వాళ్లను చేత్తో ఆపాడు. "మీరు జర ఆగుండ్రి. గీయనను ముందుగాల్ల దాటిస్త." ముందు తెడ్డు వేసే మనిషిని కూడా దిగమన్నాడు. ఆ తెడ్డు నా చేతిలో పెట్టాడు. "పుస్తకంల నువ్వే కదా నడిపినవ్, చిన్న శేఠూ. ఇగ నడుపు."

దిగిపోదామనుకున్నాను. జనం చూస్తున్నారని దిగలేదు. పోశం తాడు విప్పి, ముక్కు సరిగ్గా అవతలి గట్టుకు పెట్టాడు. ఒడ్డు దగ్గర నీళ్లు నిదానంగానే ఉన్నాయి. పది తెడ్ల దూరం పోయాక పడవ కింద ఏదో పట్టుకుని లాగినట్టయింది. ముక్కు నా చేతిలోని తెడ్డును లెక్కచేయకుండా దిగువకు తిరిగింది. పడవ మొత్తం ప్రవాహానికి అడ్డం పడింది. ఎగువ నుంచి ఎర్రనీళ్లు పక్క చెక్కను కొట్టి, అంచు మీదుగా నా మోకాళ్ల మీద పడ్డాయి. పడవ ఒక పక్కకు ఒరిగింది. రేవులోని మనుషులు, చెట్లు, అన్నీ గబగబా ఎగువకు జరిగిపోతున్నాయి. "పోశమన్నా!" అని అరిచాను. అతను తెడ్డు నీళ్లలోంచి పైకెత్తి పట్టుకుని నిలబడ్డాడు. "రాయి! ఇప్పుడు రాయి, ఏమైతదో!" అని అరిచాడు. ఇంకో అల లోపలికి వచ్చింది. చీలమండలు మునిగాయి. నాకు ఈత వచ్చు, కాని ఆ నీళ్లలో ఈత అనే మాటకు అర్థం లేదు. నేను తెడ్డు వదిలేసి చెక్కను రెండు చేతులతో కరుచుకున్నాను. ఏడుస్తున్నానని కూడా నాకు తెలియలేదు.

అప్పుడు అతను తెడ్డు దించాడు. ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి ముక్కును ఎగువకు ఏటవాలుగా తిప్పాడు. పడవ నిలదొక్కుకుంది. మా గట్టుకే, మైలు దిగువన, బురదలోకి చేరాం. నేను దిగి కక్కుకున్నాను. తలెత్తి చూస్తే పోశం పడవ అంచు మీద కూర్చుని ఉన్నాడు. "తప్పయింది, శేఠూ" అన్నాడు. "నిన్ను ముంచుదామని కాదు. ఒక్కటి రెండు తెడ్లకే తిప్పుదామనుకున్న. చెయ్యి రాలే."

పడవను రేవుకు వెనక్కి తేవాలి. దానికి ఒకటే దారి, ఒడ్డు వెంట నడుస్తూ తాడుతో ఎగువకు లాగడం. అతను ముందు, నేను వెనక. తాడు భుజం మీద చర్మాన్ని ఒలిచింది, బురదలో కాలు పెడితే పిక్క దాకా దిగేది. ఆ నడకలోనే అతను నాకు చెప్పాడు. వరదకాలంలో రేవులోంచి ఎవరూ నేరుగా దాటరు. ఇట్లాగే తాడుతో పడవను ఎగువకు మామిడిచెట్టు దాకా లాగుతారు. అక్కడ వదిలి, ముక్కు ప్రవాహానికి ఏటవాలుగా పెట్టి తెడ్లు వేస్తే, నదే మోసుకొచ్చి అవతలి రేవులో దించుతుంది. వేసవిలో నీళ్లు పలచగా ఉన్నప్పుడు మాత్రమే సూటిగా పోవడం. నేను ఎప్పుడూ ఎక్కింది వేసవి పడవే. దాన్నే తీసుకెళ్లి వానకాలపు నదిలో పెట్టాను. నాకు తెలియదన్న సంగతి కూడా నాకు తెలియలేదు.

"మరి ఆ రోజు ఏమైంది, అన్నా?"

"చెట్టు దాంక గుంజినం. నడుమ దాటినం గూడ. ఇగ ఒడ్డు దగ్గరపడ్డది. నీళ్లల్ల మునిగి ఒక మద్ది మాను వచ్చింది, ఏర్లతోని. కొమ్మ ఒక్కటి నా పక్కపొంటి లేసేదాంక నేను జూడలే. అన్న నా ఎనుకున్నడు. కూసున్నోళ్లు నెత్తి మీద గోనెలు కప్పుకున్నరు. తగిలింది, గంతే." కాసేపు నడిచాక, "పొద్దుగాల అన్న తాగింది గంజి. నేను ఎన్నిసార్లు జెప్పిన? నా మాట ఎవలు ఇన్నరు?" అన్నాడు.

చెన్నూరు వెళ్లలేదు. ఇంటికొస్తే, నా భుజం చూసి బాపమ్మ పసుపూ నూనె రాసింది. నాన్నకు ఆయన పోయేదాకా ఆ పడవ సంగతి చెప్పలేదు. ఆ వారమంతా కథ మళ్లీ రాశాను. తాడు రాశాను, మామిడిచెట్టు రాశాను, మద్ది మాను రాశాను. కథలో దుర్గయ్య చేసిన త్యాగం తీసేశాను, అది నేను కల్పించిందే కాబట్టి. పత్రికవాళ్లు అచ్చయిన కథను మళ్లీ వెయ్యలేమని జవాబిచ్చారు. అప్పుడు బాపమ్మ, "ఏసేదేంది? సదువు. నేను పిలుస్త" అంది. లచ్చక్కను, పోశాన్ని పిలిచింది. నాకు చెప్పకుండా రేగుంటకు కూడా కబురు పంపింది.

సమ్మయ్య వస్తాడని ఎవరూ అనుకోలేదు. వచ్చి, లోపలికి రమ్మన్నా రాకుండా వసారా మెట్టు మీద, మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. పోశం దవడలు బిగుసుకున్నాయి. ఆ వీపును చూస్తూ చదవడం ఎంత కష్టమో మాటల్లో చెప్పలేను. ఏ వాక్యం దగ్గర అది లేచి నిలబడుతుందోనని ప్రతి వాక్యానికీ భయం. తాడు లాగే చోట పోశం భుజం దానంతట అదే ముందుకు వంగింది. మాను తగిలే చోటు కూడా చదివాను. అయిపోయింది. సమ్మయ్య వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

"ఆ దినం నిజంగనే మామిడిచెట్టు దాంక గుంజిండ్రా, పోశం?"

"గుంజినం. నీ తమ్ముడు గూడ దిగి తాడు పట్టిండు. వద్దన్న ఇనలే."

సమ్మయ్య తల ఊపాడు. ఇంకొంచెం సేపు కూర్చుని, తువ్వాలుతో ముఖం తుడుచుకుని వెళ్లిపోయాడు. తాగి నడిపాడన్న మాట ఆ తర్వాత అతని నోట ఎవరూ వినలేదు.

ఇప్పుడు నది మీద వంతెన ఉంది. చెన్నూరు పోవడానికి జీపు ఎక్కితే నీళ్ల వంక చూడాల్సిన పని కూడా లేదు. వరదలో పడవ ముక్కు ఎటు పెట్టాలో తెలిసినవాళ్లు ఈ ఊళ్లో ఎందరు మిగిలారో వేళ్ల మీద చెప్పొచ్చు. పిల్లలు మరాఠీలో చదువుతారు, హిందీలో సినిమాలు చూస్తారు, తెలుగు పుస్తకం నాలాంటి ముసలివాళ్ల ఇళ్లలోనే. తప్పు రాస్తే లేచిపోయే మనుషులు తగ్గిపోయారు కాబట్టి రాసేవాడికి ఇప్పుడు హాయి అనుకోవాలేమో. నాకు అట్లా అనిపించదు. ఆ నవల తెచ్చిన యువకుడు తన కథను ఎవరి ముందూ కూర్చుని చదవలేదు. అదృష్టవంతుడో కాదో నేను చెప్పలేను.

ఆ రోజు సమ్మయ్య వెళ్లాక కూడా లచ్చక్క కదల్లేదు. ఏడవలేదు. నా చేతిలో కాగితాల వైపే చూస్తూ, "ఒక్కటి అడుగుత బిడ్డా" అంది. "ఆ మాను వచ్చేది మా ఆయన జూసిండా?"

నేను పోశం వైపు చూశాను. అతను తల దించుకున్నాడు.

"తెల్వది లచ్చక్కా. అది ఎవలకూ తెల్వది."

"నువ్వేం రాసినవ్?"

"ఏం రాయలే."

ఆమె పప్పులో రాయి ఏరేటప్పుడు ఉండేంత జాగ్రత్తగా, ఒక్కో మాటా అంది. "జూడలేదని రాయి. అవతలి గట్టు దిక్కు జూస్తున్నడు, ఇగ వచ్చినం అనుకుంటున్నడు అని రాయి."

నేను పెన్ను తీసి, ఆమె చూస్తుండగా, అంచులో ఆ రెండు వాక్యాలు రాశాను. చదివి వినిపించాను. ఆమె గోడకు చేరగిలబడి కాళ్లు చాపుకుంది.

"మల్ల మొదటి సంది సదువు" అంది.